లేబులు మాడిపోయిన ట్రాన్స్‌ఫార్మర్ స్థానంలో ఏది పెట్టాలి?

ప్రశ్న: మాది పల్నాడు జిల్లా. మొన్నటి ఉరుముల వానకు మా బోరు మోటారు స్టార్టర్ పెట్టెలోని, కరెంటు రాగానే మోటారును తనంత తానే వేసే ఆటో స్విచ్ బోర్డు కాలిపోయింది. నేను ఐటీఐలో ఎలక్ట్రీషియన్ చేశాను, టంకం పెట్టడం వచ్చు. బోర్డు మీదున్న చిన్న ట్రాన్స్‌ఫార్మర్ పూర్తిగా మాడింది. లేబులు బొగ్గయింది, ఒక్క అంకె కూడా కనబడటం లేదు. కంపెనీవాళ్ళు ఆ మోడల్ ఆపేశారట. బోర్డులో నాలుగు 1ఎన్4007 డయోడ్లు, 1000 మైక్రోఫారడ్ 35 వోల్టుల కెపాసిటర్, ఒక 7812 (12 వోల్టులు నికరంగా ఇచ్చే రెగ్యులేటర్), ఒక ఎల్‌ఎం324 (వోల్టేజిలను పోల్చి చూసే ఐసీ), మూడు చిన్న 12 వోల్టుల రిలేలు ఉన్నాయి. హెచ్‌వి (ఎక్కువ వోల్టేజి), ఎల్‌వి (తక్కువ వోల్టేజి), డిలే (ఆలస్యం) అని రాసిన, స్క్రూడ్రైవర్‌తో తిప్పే మూడు ప్రీసెట్లు కూడా ఉన్నాయి. ట్రాన్స్‌ఫార్మర్‌కు ఒక పక్క రెండు పిన్నులు, రెండో పక్క మూడు. షాపు ఆయన 12-0-12, ఒక ఆంపియర్ ట్రాన్స్‌ఫార్మర్ ఇచ్చి, ‘రిలేలు 12 వోల్టులవే కదా, ఇది సరిపోతుంది’ అన్నాడు. పెట్టేయమంటారా?

సమాధానం: పెట్టకండి. కొన్నది కొన్నట్టే పక్కన ఉంచండి, ముందు బోర్డు చూడాలి. మీరు రాసిన వివరాల్లోనే సగం జవాబు ఉంది. ట్రాన్స్‌ఫార్మర్ మీద రాత పోయినా దాని చుట్టూ ఉన్న భాగాల మీద రాతలు ఉన్నాయి. ఆ భాగాలన్నిటినీ ఈ ట్రాన్స్‌ఫార్మర్ ఇచ్చే వోల్టేజికి తగ్గట్టే ఎంచి పెట్టారు కాబట్టి, వాటినుంచి వెనక్కి లెక్క కట్టుకుంటూ పోవచ్చు.

అన్నిటికన్నా ముందు తేల్చుకోవాల్సింది బోర్డుకు తక్కువ వోల్టేజి ఇచ్చే సెకండరీ వైండింగ్ కాదు, లైను కరెంటు తీసుకునే ప్రైమరీ. షాపులో దొరికే 12-0-12 ట్రాన్స్‌ఫార్మర్లు దాదాపు అన్నీ 230 వోల్టుల ప్రైమరీవి. ఇంట్లో వాడే వస్తువులకు అది సరే. మీది పొలం. బోరు దగ్గరికి చాలాచోట్ల మూడు ఫేజు వైర్లే వస్తాయి, న్యూట్రల్ రాదు. స్టార్టర్‌లోని నో వోల్ట్ కాయిల్ (కరెంటు పోతే స్టార్టర్‌ను వదిలేసేది) కూడా అందుకే 415 వోల్టులది ఉంటుంది. ఆటో స్విచ్ బోర్డు కూడా అదే పద్ధతిలో రెండు ఫేజుల మధ్య నుంచి కరెంటు తీసుకుంటూ ఉంటే, 230 ప్రైమరీ మీద 415 వోల్టులు పడతాయి. ఇనుప కోర్ అయస్కాంతశక్తితో నిండిపోయి, వైండింగ్‌లో కరెంటు విపరీతంగా పెరిగి, కొత్తది కూడా నిమిషాల్లో పొగ కక్కుతుంది.

దీన్ని ఎలా తేల్చాలి? మెయిన్ దించి, ఫ్యూజులు పీకి, టెస్టర్‌తో సరిపెట్టకుండా మల్టీమీటర్‌తో మూడు ఫేజుల మధ్యా సున్నా చూశాకే బోర్డు మీద చెయ్యి పెట్టండి. రెండు పిన్నులున్న పక్క ప్రైమరీ అనుకోవచ్చు. ఆ రెండు పిన్నుల నుంచి రాగి దారులు ఏ టెర్మినల్ దాకా వెళ్తున్నాయో కంటిన్యుటీ పెట్టి చూడండి. ఒకటి ఆర్ ఫేజుకు, ఇంకొకటి వై ఫేజుకో బి ఫేజుకో వెళ్తే అది 415 ప్రైమరీ. ఒకటి ఎన్ (న్యూట్రల్) అని రాసిన టెర్మినల్‌కు వెళ్తే 230.

దారులు మాడి తెగిపోయి ఉంటే ఇంకో ఆనవాలు చూడండి. ప్రైమరీకి అడ్డంగా నీలం రంగులోనో పసుపు రంగులోనో గుండ్రటి బిళ్ళ ఒకటి సాధారణంగా ఉంటుంది. అది ఎంఓవీ, పిడుగుల సెగకు అడ్డుపడేది. దాని మీద 471 అని ఉంటే అది 300 వోల్టుల ఏసీ దాకా పనికొచ్చేది, అంటే 230 లైనుకు పెట్టింది. 751 అయితే 460 దాకా, 821 అయితే 510 దాకా. ఈ రెండిట్లో ఏది కనిపించినా అది ఫేజుకూ ఫేజుకూ మధ్య పెట్టిన బోర్డే. బిళ్ళ పగిలి ముక్కలైనా ఆ ముక్కల మీద అంకె మిగిలి ఉండవచ్చు, ఊడ్చి పారేయకండి. నా అంచనా మీది 415 ప్రైమరీయే అని. కానీ అంచనా మీద కరెంటు ఇవ్వకూడదు, దారి వెతికి నిర్ధారించుకోండి.

ఇక సెకండరీ. షాపు ఆయన చెప్పిన లెక్క చాలామంది చెప్పేదే, అందుకే దీన్ని కొంచెం వివరంగా రాస్తాను. రిలేలు 12 వోల్టుల డీసీవి. ఆ 12 వోల్టులు ఇచ్చేది 7812. ట్రాన్స్‌ఫార్మర్ పని 7812 కడుపు నింపడం. 7812 బయటికి 12 నికరంగా ఇవ్వాలంటే దాని లోపలికి కనీసం 14.5 వోల్టులు అందాలి. లోపలికి 35 వోల్టులు దాటితే అది చెడిపోతుంది. మీ కెపాసిటర్ మీద కూడా 35 వోల్టులనే ఉంది. అంటే కింద ఒక గీత, పైన ఒక గీత దొరికాయి. కరెంటు బాగా తక్కువున్న రోజు కింది గీత దిగకూడదు, బాగా ఎక్కువున్న రోజు పై గీత తాకకూడదు. ఈ రెండిటి మధ్య ఇమిడే సెకండరీ ఏదో అదే మీ ట్రాన్స్‌ఫార్మర్.

కింది గీతతో మొదలుపెడదాం. పొలాల్లో అందరి మోటార్లూ నడుస్తుంటే 415 ఉండాల్సింది 330కి దిగడం కొత్తేమీ కాదు. ఆ 330 దగ్గర కూడా బోర్డు తెలివితో ఉండాలి, లేకపోతే తక్కువ వోల్టేజి ఉందని గుర్తించి మోటారు ఆపేవాళ్ళు ఎవరు? ఇప్పుడు బోర్డు ఎంత కరెంటు లాగుతుందో చూడాలి. ఈ రకం చిన్న రిలే కాయిల్‌ను మీటరుతో కొలిస్తే 400 ఓములు అటూ ఇటూ చూపుతుంది. అంటే ఒక్కోటి 30 మిల్లీ ఆంపియర్లు, మూడూ ఒకేసారి పట్టినా 90. ఎల్‌ఎం324, ఎల్‌ఈడీలు, మిగతావి కలిపి ఇంకో 40, 50 వేసుకోండి. మొత్తం 150 లోపు. ఈ లోడుకు 1000 మైక్రోఫారడ్ కెపాసిటర్ మీద వోల్టేజి ప్రతి అర సైకిలుకూ ఒకటిన్నర వోల్టు మేర ఊగుతుంది. కాబట్టి 14.5కు 1.5 కలిపి 16 వోల్టుల శిఖరం కావాలి. ఏసీని డీసీ చేసే నాలుగు డయోడ్ల బ్రిడ్జిలో ఏ క్షణంలోనైనా రెండు డయోడ్లు దారిలో ఉంటాయి, వాటి ఖర్చు 1.4. మొత్తం 17.4. దీన్ని 1.414తో భాగిస్తే ఏసీలో 12.3 వోల్టులు. 330 దగ్గర 12.3 రావాలంటే 415 దగ్గర 15.5 రావాలి.

అదే 12 వోల్టుల సెకండరీ పెట్టారనుకోండి. లైను 330కి దిగిన రోజు అది ఇచ్చేది తొమ్మిదిన్నర. డయోడ్లు, ఊగిసలాట పోను 7812 లోపలికి పది, పదకొండు వోల్టులు చేరతాయి. బయటికి తొమ్మిది వస్తే గొప్ప. రిలేలు పట్టీ పట్టనట్టు టకటకమని కొట్టుకుంటాయి, దాంతో పాటు స్టార్టర్ కాంటాక్టులూ కొట్టుకుంటాయి. స్టార్టర్ కాంటాక్టులు కాలడానికి అంతకన్నా కారణం అక్కర్లేదు. షాపులో మంచి 230 మీద పెట్టి చూస్తే అంతా బాగానే నడుస్తుంది, లోపం పొలంలో, అదీ కరెంటు తగ్గినప్పుడే బయటపడుతుంది.

‘అయితే 12-0-12 చివరలు రెండూ తీసుకుని 24 పెడితే?’ అని అడుగుతారేమో. పై గీత దాటిపోతుంది. 24 వోల్టుల ఏసీ మామూలు రోజునే కెపాసిటర్ మీద 32 పైన నిలబడుతుంది. చిన్న ట్రాన్స్‌ఫార్మర్లు లోడు లేనప్పుడు రాసినదానికన్నా 20 శాతం దాకా ఎక్కువ ఇస్తాయి, ఇంకా చిన్నవైతే అంతకన్నా ఎక్కువే. లైను కాస్త పెరిగిందా, కెపాసిటరూ 7812 రెండూ పోతాయి. 18 వోల్టుల సెకండరీకి కూడా ఈ లెక్క కట్టి చూశాను. లైను 480కి పోయిన రోజు లోడు లేకుండా 34 దగ్గరికి వస్తుంది, అంచు మీద నిలబెట్టినట్టే. 15 వోల్టులకు అదే పరిస్థితిలో 28 వస్తుంది, నిశ్చింతగా ఉంటుంది. కాబట్టి మీ బోర్డు సెకండరీ 15 వోల్టులు. కెపాసిటర్ 25 వోల్టులది అయి ఉంటే 12 సెకండరీ అని అనుమానించేవాణ్ణి. తయారీదారులు కెపాసిటర్‌కు అవసరానికి మించి డబ్బు పెట్టరు, అందుకే దాని మీది అంకెను నేను బాగా నమ్ముతాను.

మూడు పిన్నుల సంగతి. మధ్య పిన్ను నేలకు కలిసి, బోర్డు మీద ప్లస్, మైనస్ రెండు సప్లైలు ఉంటే సెంటర్ ట్యాప్ (వైండింగ్ మధ్య నుంచి తీసిన తీగ) అనుకోవాలి. అప్పుడు రెండు ఫిల్టర్ కెపాసిటర్లు, 7812తో పాటు మైనస్ 12 ఇచ్చే 7912 కూడా కనబడాలి. మీరు ఒకటే కెపాసిటర్, ఒకటే 7812 రాశారు, డయోడ్లు నాలుగు ఉన్నాయి. కాబట్టి మధ్య పిన్ను ఖాళీది కావచ్చు, బాబిన్ (తీగ చుట్టే చట్రం) కదలకుండా టంకంతో పట్టి ఉంచడానికి. మధ్య ప్యాడ్ నుంచి దారి ఎక్కడికీ పోకపోతే ఇక సందేహం లేదు. పోతే మాత్రం ఆగి, ఎక్కడికి పోతోందో గీసుకుని చూడండి.

ఆంపియర్ల విషయంలో ఒక భయం తీసేస్తాను. ఒక ఆంపియర్ ట్రాన్స్‌ఫార్మర్ పెడితే బోర్డులోకి ఒక ఆంపియర్ తోసేస్తుందని చాలామంది అనుకుంటారు. తొయ్యదు. బోర్డు ఎంత లాగితే అంతే ఇస్తుంది. ఎక్కువ ఉంటే నష్టం లేదు, చోటు మాత్రం ఎక్కువ తీసుకుంటుంది. తక్కువ ఉంటేనే ప్రమాదం. బ్రిడ్జి, కెపాసిటర్ ఉన్నచోట డీసీ 150 కావాలంటే సెకండరీ 150 చాలదు. కెపాసిటర్ నిండేటప్పుడు కరెంటు చిన్న చిన్న గుక్కల్లో, ఎత్తుగా లాగుతుంది, వైండింగ్ ఆ మేరకు వేడెక్కుతుంది. డీసీ కరెంటును 0.62తో భాగించాలి. 150కి 240 వస్తుంది. 300 మిల్లీ ఆంపియర్లది చాలు, 500ది హాయిగా ఉంటుంది.

ఈ జవాబు సరైనదో కాదో చూడటానికి మాడిపోయిన ట్రాన్స్‌ఫార్మర్‌నే సాక్షిగా పిలవవచ్చు. దాని కోర్ కొలవండి. ఇ, ఐ ఆకారపు స్టాంపింగుల్లో మధ్య కాలు వెడల్పు మొత్తం పొడవులో మూడో వంతు ఉంటుంది. పొడవు 48 మిల్లీమీటర్లు ఉంటే మధ్య కాలు 16. స్టాంపింగుల దొంతర మందం కూడా 16 అనుకుంటే కోర్ వైశాల్యం 2.56 చదరపు సెంటీమీటర్లు. దాన్ని 1.15తో భాగించి వర్గం చేస్తే సుమారు 5 వీఏ (వోల్టులను ఆంపియర్లతో గుణిస్తే వచ్చేది). 15 వోల్టులు, 300 మిల్లీ ఆంపియర్లంటే నాలుగున్నర వీఏ. మీ కోర్ ఈ పరిమాణానికి దగ్గరగా ఉంటే మన లెక్క దారిలోనే ఉంది. కోర్ మరీ పెద్దదిగా వస్తే నాకు తెలియని లోడు ఏదో బోర్డు మీద ఉందని అర్థం, దాన్ని వెతకండి.

ఓపిక ఉంటే ఇంకో సాక్ష్యం. ఇలాంటివాటిలో బాబిన్‌కు రెండు గదులుంటాయి, ప్రైమరీ ఒక గదిలో, సెకండరీ మరో గదిలో. మాడేది ఎక్కువగా ప్రైమరీ, తల వెంట్రుకంత సన్నని తీగ అది. సెకండరీ తీగ లావుది, తరచు బతికే ఉంటుంది. స్టాంపింగులు విప్పి సెకండరీ చుట్లు లెక్కపెడుతూ విప్పండి. 45ను కోర్ వైశాల్యంతో భాగిస్తే వోల్టుకు ఎన్ని చుట్లో సుమారుగా వస్తుంది. 2.56కు అది పదిహేడు, పద్దెనిమిది. మీకు మూడు వందల చుట్లు దగ్గరగా వస్తే లోడు లేనప్పుడు 17, లోడు మీద 15 అన్నమాట. తయారీదారు కోర్‌ను ఎంత గట్టిగా వాడుకున్నాడన్నదాన్ని బట్టి ఇది పది, పదిహేను శాతం అటూ ఇటూ పోవచ్చు. 12, 15, 18లలో ఏదో తేల్చడానికి కెపాసిటర్ సాక్ష్యంతో కలిపి ఇది చాలు.

విప్పేముందు ప్రైమరీ పైన టేపు కింద చూడండి. చిన్న థర్మల్ ఫ్యూజు వరసలో పెట్టి ఉండవచ్చు, 115 డిగ్రీలనో 130 అనో రాసి ఉంటుంది. బయటికి పెద్దగా మాడకుండా ప్రైమరీ ఓపెన్ చూపే ట్రాన్స్‌ఫార్మర్లలో చాలావరకు పోయేది ఇదే. దాన్ని తీగతో కలిపేసి నడిపించేవాళ్ళున్నారు, దయచేసి ఆ పని చేయకండి. పెట్టె దగ్గర ఎవరూ లేని వేళ నిప్పు పుట్టకుండా ఆపేది అదొక్కటే.

ఇప్పుడు ఎక్కడ కొనాలి. 415 ప్రైమరీ తేలితే మామూలు ఎలక్ట్రానిక్స్ షాపుల్లో దొరకడం కష్టం. స్టార్టర్ ప్యానెళ్ళు, స్టెబిలైజర్లు తయారుచేసే చోట అడగండి, వాళ్ళ దగ్గర 440 ప్రైమరీవి ఉంటాయి, లేకపోతే చుట్టించి ఇస్తారు. అడిగేటప్పుడు ‘415కు 15’ అని చెప్పండి. వాళ్ళు 440 లెక్కన చుడతామంటే సెకండరీ 16 చెప్పండి, అది 415 దగ్గర 15కే వస్తుంది. ఈ తేడా గమనించకపోతే ఒక వోల్టు దాకా తగ్గిపోతుంది. ఊరి మోటారు రీవైండింగ్ షాపులో చుట్టించవద్దంటాను. ఈ కోర్ మీద 415కు ఏడు వేల పైచిలుకు చుట్లు పడాలి, అంత సన్నని తీగను మోటారు కాయిల్ చుట్టే చేతులతో తెగకుండా చుట్టడం అయ్యే పని కాదు. ఒకవేళ న్యూట్రల్‌కు కలిసిన 230 ప్రైమరీ అని తేలితే పని తేలిక. 15-0-15, 500 మిల్లీ ఆంపియర్లది ఎక్కడైనా దొరుకుతుంది. ఒక చివర, మధ్య తీగ తీసుకుని రెండో చివరను విడిగా టేపు చుట్టేయండి. మీ ఊళ్ళో దొరక్కపోతే హైదరాబాద్ కోఠిలో గుజరాతీ గల్లీ ఉండనే ఉంది.

పిన్నుల దూరం బోర్డు రంధ్రాలకు కలవదేమోనని బెంగ పడకండి. నన్నడిగితే అసలు బోర్డు మీద పెట్టనే వద్దు. పెట్టె గోడకు బోల్టులతో బిగించి, మంచి ఇన్సులేషన్ ఉన్న తీగలతో బోర్డుకు కలపండి. దీనికి బలమైన కారణం ఉంది. మీ బోర్డు గోధుమ రంగు హైలం అట్ట అయితే, మాడినచోట మిగిలింది బొగ్గు. బొగ్గులో కరెంటు పారుతుంది. 415 వోల్టులు ఆ నల్లటి మచ్చ మీద నుంచి మెల్లగా పాకి, నెలకో రెండు నెలలకో అక్కడే మళ్ళీ అంటుకుంటుంది. పైపైన థిన్నర్‌తో తుడిస్తే పోదు. నలుపు పోయి అసలు రంగు కనబడేదాకా గీకండి. లోతుగా మాడి ఉంటే ఆ ముక్క మొత్తం రంపంతో కోసి తీసేయండి. ప్రైమరీ తీగలను ఆ భాగం వైపు పోనివ్వకండి, టెర్మినల్ నుంచి నేరుగా ట్రాన్స్‌ఫార్మర్‌కు తీసుకెళ్ళండి.

కొత్తది బిగించేముందు పాతదాన్ని చంపింది ఎవరో కనుక్కోవాలి. పిడుగు సెగ కావచ్చు. కానీ డయోడో కెపాసిటరో షార్టయి కూడా ట్రాన్స్‌ఫార్మర్‌ను మాడ్చి ఉండవచ్చు. అది అలాగే ఉంటే కొత్తదీ అదే దారి పడుతుంది. నాలుగు డయోడ్లనూ ఒక కాలు లేపి మీటరు డయోడ్ రేంజిలో చూడండి. ఒక వైపు 0.5 నుంచి 0.7 చూపాలి, రెండో వైపు ఏమీ చూపకూడదు. 7812 లోపలి కాలుకూ నేలకూ, బయటి కాలుకూ నేలకూ షార్టు ఉందేమో చూడండి. ప్రతి రిలే కాయిల్‌కు అడ్డంగా ఉండే చిన్న డయోడ్‌ను మరచిపోకండి. ఫేజుల నుంచి వచ్చే రెసిస్టర్ల వరసలో ఏదైనా తెగి ఉండవచ్చు. ఎంఓవీ పగిలి ఉంటే అదే అంకె ఉన్న కొత్తది వేయండి.

ఆపైన ట్రాన్స్‌ఫార్మర్ లేకుండానే బోర్డుకు ప్రాణం ఉందో లేదో చూడవచ్చు. మందు కొట్టే బ్యాటరీ స్ప్రేయర్ ఇంట్లో ఉంటే దాని 12 వోల్టుల బ్యాటరీ చాలు. బ్యాటరీ ప్లస్ తీగ మధ్యలో ఒక 12 వోల్టుల ఇండికేటర్ బల్బు పెట్టి, కెపాసిటర్ ప్లస్సుకూ మైనస్సుకూ సరిగ్గా చూసుకుని తాకించండి. బల్బు నిండుగా వెలిగితే బోర్డులో ఇంకా షార్టు ఉంది. వెలగకుండా ఎల్‌ఈడీ వెలిగితే బోర్డు బతికే ఉంది. 12 వోల్టులే కనుక ఎల్‌వి చూపి ఊరుకోవచ్చు, అది మంచి సూచనే. ఎల్‌ఎం324 పని చేస్తోందన్నమాట. ఇదంతా 415 వోల్టుల జోలికి పోకుండా అరుగు మీద కూర్చుని చేసుకునే పని.

కొత్త ట్రాన్స్‌ఫార్మర్‌ను కూడా ముందు ఇంట్లోనే పరీక్షించండి. 40 వాట్ల సిరీస్ బల్బుతో ప్రైమరీకి 230 ఇవ్వండి, సెకండరీ విడిగా వదిలేయండి. బల్బు వెలగకూడదు. 415కు 15 ఉన్న ట్రాన్స్‌ఫార్మర్ 230 దగ్గర లోడు లేకుండా తొమ్మిది, పది వోల్టులు చూపుతుంది. 17, 18 చూపిందంటే మీ చేతికి 230 ప్రైమరీది ఇచ్చారు, వెనక్కి ఇచ్చేయండి. ఇదే సిరీస్ బల్బును 415 మీద మాత్రం వాడకండి, అది 230 బల్బు. అలాగే ప్రైమరీ వరసలో 250 వోల్టుల గాజు ఫ్యూజు పెట్టి రక్షణ అయిందనుకోకండి. 415 దగ్గర అది తెగినా లోపల మెరుపు ఆరకపోవచ్చు. 415కు పనికొచ్చే కార్ట్రిజ్ ఫ్యూజే వేయండి.

ఇంకో సంగతి ఉంది, దీన్ని వదిలేస్తే ఇంత శ్రమా వృథా. మీ బోర్డు మీద హెచ్‌వి, ఎల్‌వి ప్రీసెట్లు ఉన్నాయంటే ఆ ట్రాన్స్‌ఫార్మర్ కరెంటు ఇవ్వడంతో పాటు లైను వోల్టేజి ఎంతుందో బోర్డుకు చెప్పే పని కూడా చేస్తోంది. ఇలాంటి బోర్డుల్లో 7812 కన్నా ముందున్న డీసీనే రెసిస్టర్ల ద్వారా ప్రీసెట్లకు, అక్కణ్ణుంచి ఎల్‌ఎం324కు ఇస్తారు. ప్రీసెట్ నుంచి కెపాసిటర్ ప్లస్ వైపు దారి ఉందేమో చూడండి, ఉంటే ఇదే పద్ధతి. అప్పుడు కొత్త ట్రాన్స్‌ఫార్మర్ నిష్పత్తి పాతదానికన్నా కొంచెం తేడా ఉన్నా మోటారు మంచి వోల్టేజిలో ఆగిపోవచ్చు, లేదా తక్కువ వోల్టేజిలో ఆగకుండా నడిచి కాలిపోవచ్చు. బోర్డు బాగుచేసి మోటారు కాల్చుకున్నట్టవుతుంది.

సరిచేయడానికి లైను వోల్టేజిని తగ్గించే యంత్రం అక్కర్లేదు. అంతా బిగించాక, రిలేలు పట్టి మోటారు నడుస్తున్న స్థితిలో రెండు కొలతలు తీసుకోండి. లైను వోల్టేజి, అదే సమయంలో కెపాసిటర్ మీది డీసీ. మీటరు తీగలు కరెంటు లేనప్పుడే క్లిప్పులతో తగిలించి, తర్వాత మెయిన్ వేసి, దూరం నుంచి చదవండి. లైను 400 ఉన్నప్పుడు డీసీ 18 వచ్చిందనుకుందాం. 18కి డయోడ్ల 1.4 కలిపితే 19.4. లైను 350కి దిగితే ఇది 17కు వస్తుంది, 1.4 తీసేస్తే 15.6. లైను 445కి పెరిగితే ఇదే లెక్కన 20.2. ఇక మెయిన్ దించి, ట్రాన్స్‌ఫార్మర్ తీగలు విప్పి, టీవీ రిపేరు షాపులో ఉండే సర్దుబాటు డీసీ సప్లైతో కెపాసిటర్‌కు 15.6 ఇవ్వండి. సరిగ్గా అక్కడ రిలే వదిలేలా ఎల్‌వి ప్రీసెట్ తిప్పండి. 20.2 దగ్గర హెచ్‌వి. 350, 445 అనే అంకెలు ఉదాహరణకు తీసుకున్నాను. మీ మోటారు ప్లేటు చూడండి, చాలా సబ్‌మెర్సిబుల్ మోటార్లకు 415కు ఆరు శాతం పైన, పదిహేను శాతం కింద అని ఉంటుంది. అంటే 440 పైన, 353 కింద. దాన్ని బట్టి పెట్టుకోండి.

చివరగా డిలే ప్రీసెట్. బోర్డు విప్పారు కనుక అదీ చూసుకోండి. తొమ్మిది గంటల పగటి కరెంటు వచ్చిన క్షణంలో లైను మీదున్న ఆటో స్విచ్‌లన్నీ ఒకేసారి మోటార్లు వేస్తే, ఒక్కో మోటారూ మొదట్లో మామూలుకన్నా ఐదారు రెట్లు కరెంటు లాగుతుంది. ఫీడరు ట్రాన్స్‌ఫార్మర్లు కాలేది, మీ దగ్గర లైను 330కి పడేది ఎక్కువగా అప్పుడే. తెలంగాణలో 2018 జనవరి 1 నుంచి 24 గంటల కరెంటు మొదలైనప్పుడు ఆటో స్టార్టర్లు తీసేయమని రైతులకు చెప్పారు, నీళ్ళు వృథాగా తోడేస్తాయని. మీకు కరెంటు వేళలు పరిమితం కనుక ఉంచుకుంటున్నారు, అర్థం చేసుకోగలను. ఒకే ట్రాన్స్‌ఫార్మర్ కింద ఉన్న మీ పక్క రైతులతో మాట్లాడి, ఒకరు అర నిమిషం, ఒకరు నిమిషం, మరొకరు రెండు నిమిషాలు చొప్పున డిలేలు వేరుగా పెట్టుకోండి. ప్రైమరీ దారి ఎక్కడికి వెళ్ళిందో, కోర్ కొలతలు ఎంత వచ్చాయో రాసి పంపితే, చుట్టించే ముందు అంకెలు ఒకసారి సరిచూసి చెబుతాను.